వాన వెలిసిన పాట

హైదరాబాద్,
9 మే 2005

దాదీమాకు ఆతియా సలాములు.

ఫోన్ చేస్తే మీరు "సగం వినబడదు, మిగతా సగం నాకు అక్కర్లేదు" అని తమ్ముడు మోయిజ్ చేతికి ఇచ్చేస్తున్నారు. ఇక ఉత్తరమే గతి. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకండి. పోయినసారి మా హాస్టల్లో అందరూ చదివారు.

వానాకాలం మొదట్లో వేసే ఒక కార్యక్రమాన్ని మా చానల్ వాళ్లు నాకు అప్పజెప్పారు. పాత సినిమాల్లో వాన పాటలు. రోజంతా చీకటి గదిలో కూర్చుని తడిసిన మనుషుల్ని చూస్తున్నాను. నవ్వకండి, మత్తుగా ఉంటోంది. అప్పటిదాకా ఎదురుపడి ఒక్క మాట అనలేని వాళ్లు నాలుగు చినుకులు పడగానే చేతులు చాస్తారు. ఇల్లుందని, పెద్దవాళ్లున్నారని, రేపనేది ఒకటుందని మర్చిపోతారు. వెనక ఆడే అమ్మాయిల కాళ్ల దగ్గర నీళ్లు చిట్లుతుంటే నా కాళ్లు చల్లబడుతున్నాయి. బయటికొస్తే రోడ్డు మీద ఎండ మండిపోతోంది, ఒక్క క్షణం నమ్మబుద్ధి కాదు.

దాదా ములకలపల్లి చుట్టుపక్కల డేరా టాకీస్ నడిపారు కదా. ఆ అడవి ఊళ్లలో జనం వాన పాటలు ఎట్లా చూసేవారు? ఈలలు వేసేవారా? నాలుగు ముక్కలు రాయండి, మీ పేరు తెర మీద వేస్తాను.

మీ
ఆతియా


కొత్తగూడెం,
16 మే 2005

బేటీ ఆతియా,

దువా. నీ ఉత్తరంలో మొదటి వాక్యం దాకా తప్పుల్లేవు. మిగతావి ఎదురుపడినప్పుడు మాట్లాడుకుందాం.

తెర మీద నా పేరు వద్దు. తెలుగు పండిట్‌గా పనిచేసినన్నాళ్లూ నల్లబల్ల మీద పేర్లు రాసింది నేనే, అవీ గలాటా చేసిన వాళ్లవి. ఆ వరసలో నేను చేరదలచుకోలేదు.

వాన పాటల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. గొడుగు చేతిలోనే ఉంటుంది, ఇద్దరూ దాని బయటే ఉంటారు. ఆమె కాటుక కరగదు. ఆయన క్రాపు చెదరదు. అంత తడిసినా ఒక్కడంటే ఒక్కడికి పడిశం పట్టదు. అయినా చూసేదాన్ని. ఎండాకాలం ఆ డేరాలో ఉడికిపోతూ, బీడీ పొగలో కళ్లు మండుతూ కూర్చున్న నేల టికెట్టు జనం, తెర మీద వాన మొదలవగానే ఒళ్లు దగ్గరికి ముడుచుకునేవారు. పైట భుజాల మీదుగా కప్పుకున్న ఆడవాళ్లను చూశాను. లేని వానకు చలి పుట్టించడం, అదీ ఆ పాటల మహిమ. వ్యాకరణానికి అందదు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

ఈలల సంగతి అడిగావు. అన్ని వాన పాటలకూ వేసేవారు, ఒక్కదానికి తప్ప.

బాలి అని ములకలపల్లి బళ్లో నా దగ్గర చదివిన కోయ పిల్ల. చదువు అంతంత మాత్రం. వాన వస్తే మాత్రం బడి చూరు కింద నిలబడి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నీళ్లు పట్టుకునేది. నేను చెవి పట్టుకుని లోపలికి లాక్కొచ్చేదాన్ని. ఒక వానాకాలం ఇంటికి పోతూ వాగు దాటబోయి కొట్టుకుపోయింది. ఊరంతా వెతికినా ఒంటి మీది గుడ్డ ముక్క కూడా దొరకలేదు.

మరుసటి ఎండాకాలం మీ దాదా ఒక సినిమా తెచ్చారు. పట్నాల్లోనే ఆడని సినిమా, పేరెందుకు. అందులో హీరోయిన్ వెనక కొందరమ్మాయిలు వానలో ఆడతారు. చివరనున్న పిల్ల ఉన్నట్టుండి వరస తప్పుతుంది, తల వెనక్కి వాల్చి నోట్లోకి వాన పట్టుకుంటుంది. రెప్పపాటు, అంతే. నేల మీంచి ఒక కేక లేచింది: "బాలీ!" ఆ పిల్ల తల్లి జంపక్క. లేచి తెర దగ్గరికి నడిచింది. ఆమె నీడ పోయి ఆ వానలో నిలబడింది.

"నా బిడ్డ వాగుల పోలే. సిన్మల కలిసింది. సూడుండ్రి, ఎట్ల తడుస్తున్నదో" అంది.

ఎవరూ నవ్వలేదు. మీ దాదా రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశారు. అక్కణ్ణుంచి ఏటా ఎండాకాలం జంపక్క కోసం అదే సినిమా పెట్టె తెప్పించేవారు. పంపిణీ వాళ్లు "గౌస్ సాబ్‌కు ఆ హీరోయిన్ అంటే పిచ్చి" అని మీ దాదాను చూసి నవ్వుకునేవారు. జంపక్క ముందుకొచ్చి కూర్చునేది. పాటైపోగానే లేచి వెళ్లిపోయేది. ఆ సినిమా కథేమిటో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆ పాట నడుస్తున్నంతసేపూ డేరాలో ఒక్క ఈల ఉండేది కాదు.

రీలు అరిగి దాని మీద నిలువు గీతలు పడ్డాయి. ఏటేటా ఆ పాటలో వాన పెరుగుతున్నట్టుండేది. ఆఖరుకు ఆ గీతల వెనక ముఖముందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. జంపక్కకు తెలిసేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ పాట వచ్చే వేళకు బయట ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని.

బాలికి దినాలు చేస్తామంటే జంపక్క ఈనాటికీ ఒప్పుకోలేదు. ఆమె కొడుకు జంపయ్య మొన్న వచ్చాడు. తల్లి ఆయాసంతో మంచం పట్టిందట. "టీచరమ్మా, గా పాట ఒక్కసారి సూడాలంటున్నది. సూస్తే గాని పానం నిమ్మలపడేటట్టు లేదు. సూసినంకనన్న అక్కకు దినాలు చేయనిస్తదేమో" అన్నాడు.

నీ చీకటి గదిలో ఆ పాట ఉందేమో వెతుకు. గుర్తులు వేరే కాగితం మీద రాశాను.

మామిడికాయ తొక్కు పెట్టాను. మోయిజ్ అన్నం తక్కువ, తొక్కు ఎక్కువ తింటున్నాడు. నీ వంతు మిగలాలంటే జల్దీ రా.

నీ దాదీ
రహీమున్నీసా


హైదరాబాద్,
30 మే 2005

దాదీమా,

దొరికింది! ఆ సినిమా తీసిన వాళ్ల ఇంట్లో, పాత రేకు డబ్బాలో అసలు నెగెటివే దొరికింది. మా వాళ్లు దాన్ని శుభ్రం చేసి, దుమ్మూ గీతలూ కంప్యూటర్లో తుడిచేశారు. నిన్న తీసిన పాటలా ఉంది.

ఎన్ని సంగతులు తెలిశాయో! ఎంత కురిపించినా వెనక నుంచి దీపం పడకపోతే వాన కెమెరాకు కనబడదట. ఉత్త నీళ్లు సరిగా కనబడవని పాలు కలిపేవారట. ఈ పాటకు అంత బడ్జెట్ లేదు, రెండు గొట్టాలు మాత్రమే పెట్టారు. అందుకే మీరన్న హోరు వాన ఇందులో లేదు, తుంపర.

ఇప్పుడు అసలు విషయం. చివరనున్న అమ్మాయి ముఖం స్పష్టంగా కనబడుతోంది. ఆమె బాలి కాదు. చెంప మీద పెద్ద పుట్టుమచ్చ ఉంది, వయసూ ఎక్కువే. అక్కడితో ఆగకుండా ఆమెను వెతికి పట్టుకున్నాను! పేరు సుభద్రమ్మ. కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉంటోంది. పాటలో వరస ఎందుకు తప్పారని అడిగితే, "దాహమేసింది అమ్మా, పొద్దున్నించీ మంచినీళ్లు ఇవ్వలేదు" అంది. ఒక తల్లి ఏటేటా మిమ్మల్ని చూడ్డానికి వచ్చేదని చెప్పాను. "నన్ను చూడ్డానికి మా వాళ్లే ఎవరూ రాలేదే" అంది.

జంపయ్య గారు కోరుకున్నట్టే అవుతుంది. ఇన్నేళ్ల అనుమానం తీరిపోతుంది, దినాలు జరుగుతాయి. సుభద్రమ్మను కెమెరాతో సహా అక్కడికి తీసుకొస్తాం. ఆ తల్లీ, ఈమే ఎదురెదురుగా! మా ప్రొడ్యూసర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మీరు సంతోషిస్తారని తెలుసు.

మీ
ఆతియా


కొత్తగూడెం,
6 జూన్ 2005

ఆతియా,

మీ ప్రొడ్యూసర్ గారిని మళ్లీ కూర్చోమను.

నేను పాట అడిగాను. పంచాయతీ అడగలేదు. దొరికితే ఎక్కడో మూలన పడి అరిగిన రీలు దొరుకుతుందనుకున్నాను. ఆ మసకలో జంపక్క తనకు కావలసినది చూసుకుని కళ్లు మూసుకుంటుందనుకున్నాను. సినిమాను ఉతికి ఆరేసే మనుషులు ఉంటారని నాకేం తెలుసు? జంపయ్య మాట నీకు ఇంకో రకంగా వినబడినట్టుంది. "నీ బిడ్డ చచ్చిపోయింది" అని తల్లికి రుజువు చేయమని వాడు అడగలేదు. ఆమె మనసు నిమ్మలమైతే తనంతట తనే ఒప్పుకుంటుందేమో అన్నాడు.

తప్పులు దిద్దడం నా వృత్తి. అన్ని తప్పులూ దిద్దాలని నేను ఎవరికీ చెప్పలేదు. పరీక్ష అయిపోయి, కాగితాలు కట్టేసిన తర్వాత పిల్ల దగ్గరికి పోయి నీ జవాబు తప్పని చెప్పే టీచరును ఏమంటారు? జంపక్క ఆ పాటను పట్టుకుని ఇంతకాలం బతికింది. వంట చేసింది, ఇప్పపువ్వు ఏరింది, కొడుక్కి పెళ్లి చేసింది. ఇప్పుడు ఊపిరి ఆడని మనిషి ముందు కెమెరా పెట్టి, పుట్టుమచ్చ చూపించి, ఆమె ఏడిస్తే దగ్గరగా తీస్తారా?

కెమెరా రాకూడదు. సుభద్రమ్మను ఇబ్బంది పెట్టకు. ఆ పాట ఎవరికీ పంపకు. వేరే దారి ఏదైనా ఉందేమో నేను ఆలోచిస్తాను.

తొక్కు జాడీ మోయిజ్‌కు కనబడకుండా దాచాను. కోపంలో ఉన్నా నీ వంతు నీదే.

దాదీ


హైదరాబాద్,
7 జూన్ 2005

దాదీమా,

మీ జవాబు కోసం ఆగలేకపోయాను. జంపక్క గారికి బాగా లేదని, జంపయ్య ఫోన్ చేశాడని మోయిజ్ చెప్పాడు. కెమెరా ఏర్పాటుకు ఇంకా టైం పడుతుంది. అప్పటిదాకా ఆమె ఉంటారో లేదో అని పాటను సీడీలోకి ఎక్కించి, ఈ రోజే కొరియర్‌లో జంపయ్య పేరుకు పంపేశాను. చివరి అమ్మాయి పేరు సుభద్రమ్మ అని, మీ అక్క కాదని ఒక చీటీ కూడా పెట్టాను. మీకు శ్రమ తప్పింది. ఈసారైనా నన్ను మెచ్చుకుంటారా?

మీ
ఆతియా


కొత్తగూడెం,
18 జూన్ 2005

ఆతియా,

నీ ఉత్తరం అందిన పూటే ములకలపల్లి బస్సెక్కాను. ఈ మోకాళ్లతో ఆ బస్సు మెట్లు ఎక్కించినందుకు నీకు విడిగా ఒక ఉత్తరం బాకీ.

నేను వెళ్లేసరికి జంపయ్య టీవీ, సీడీ ప్లేయర్ కిరాయికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంటి నిండా చుట్టాలు. జంపక్కను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మనిషి ఎండిన చిక్కుడుకాయలా ఉంది. జంపయ్య నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి నీ చీటీ చూపించాడు.

"గిది అమ్మకు చెప్పాల్నా, వద్దా? నువ్వే చెప్పు టీచరమ్మా."

"చించెయ్. సీడీ కూడా ఇటివ్వు."

"ఎట్లియ్యాలె? పొద్దటిసంది గదే అడుగుతున్నది. తలకాయకు నూనె పెట్టించుకున్నది, సుట్టాలందరిని పిలిపించింది. ఇప్పుడు లేదంటే గా మాటకే పోతది."

లోపల్నుంచి జంపక్క గొంతు వినబడింది. "ఎవలు, టీచరమ్మనా? బయట ఏం గుసగుసలు? లోపట కూసో. పిల్లదొచ్చే యాళ్లయింది."

నేను కూర్చున్నాను. ఈసారి బయట నాకు పనేమీ దొరకలేదు.

పాట మొదలైంది. నువ్వు రాసినట్టే ఉంది, అద్దంలా. గొట్టాల నుంచి సన్నటి తుంపర పడుతోంది, ఆకుల మీద నిలిచిన చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. అందరి ముఖాలూ అందరివే. చివరనున్న పిల్ల తల వెనక్కి వాల్చింది. పుట్టుమచ్చ కనబడింది. నేను తెర మానేసి జంపక్కను చూస్తున్నాను. కేక లేదు.

"ఇంకోపాలి ఎయ్" అంది.

మళ్లీ వేశాడు.

"గీ పిల్ల ఎవలు?" అంది. జంపయ్య నా వైపు చూశాడు. అతని భార్య రామక్క నా వైపు చూసింది. చుట్టాలందరూ నా వైపే చూశారు. క్లాసులో ఏ ప్రశ్నకూ తడుముకోని దాన్ని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

జవాబు జంపక్కే చెప్పింది. "బాలి లేదు. ఎల్లిపోయింది."

"ఏడికి పోయిందే అమ్మా?" అన్నాడు జంపయ్య, ఏడుపు ఆపుకుంటూ.

"వాన సూడు రా. మునుపు ఎట్ల కొట్టేది! తొవ్వ గూడ అగుపడకపోయేది. గా వానల ఎట్లొస్తది పిల్ల? ఇప్పుడు ఎలిసింది. తుంపర్లే పడుతున్నయి. ఎలిసింది గాబట్టి బయలెల్లింది. గీ పిల్లను తన జాగల నిలవెట్టి వచ్చుంటది."

జంపక్క కోడలి వైపు తిరిగింది. "రామక్కా, పెట్టెల్నుంచి పొడి చీర తియ్యి. గా మంచం మీద పెట్టు. తడిసి అస్తది."

"నేను ఎదురుపోవాల్నా?" అన్నాడు జంపయ్య. వాడు ఎందుకన్నాడో వాడికే తెలియదు.

"నువ్వెందుకు రా? దానికి తొవ్వ తెల్వదా?" అని కసిరి, నా వైపు చూసి నవ్వింది. "టీచరమ్మా, ఈపాలి చెవి పట్టకు. చిన్నపిల్ల గాదు."

ఆతియా, మేం అందరం జాగ్రత్తపడింది ఆమె బిడ్డ చనిపోయిందని ఆమెకు తెలియకూడదని. మీ కంప్యూటర్ తుడిచిన గీతల్లోంచి ఆమె బిడ్డ బయటికి నడిచొస్తుందని ఎవరమూ అనుకోలేదు. రామక్క పొడి చీర తీసి మంచం మీద పెట్టింది. నేను వచ్చేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఆ మంచం మీద కూర్చోలేదు.

దాదీ


హైదరాబాద్,
25 జూన్ 2005

దాదీమా,

మీ ఉత్తరం ఆఫీసులో చదివాను, అక్కడ చదవాల్సింది కాదు. నేనేం చేశానో తలచుకుంటే భయమేస్తోంది. ఆమె ప్రతి రోజూ వాకిలి వైపు చూస్తూ ఉంటుందా? రాకపోతే? నేను వచ్చి నిజం చెప్పనా? సుభద్రమ్మ గారికి కూడా జరిగింది చెప్పాను. "ఆ తల్లిని నా దగ్గరికి ఎవరూ తీసుకురాకండి. ఇన్నాళ్లూ నేను ఆ పిల్ల చోటులో నిలబడ్డానన్న మాట" అంది. ఆ పాటను కార్యక్రమంలోంచి తీసేస్తున్నాను. ఇక వాన పాటలు చూడలేను. తెర మీద అందరూ ఎక్కడికో బయలుదేరుతున్నట్టే ఉంది.

ఆతియా


కొత్తగూడెం,
11 జూలై 2005

బేటీ ఆతియా,

దువా. ఆ పాట తీసేయకు. సుభద్రమ్మ పేరు తెర మీద పెద్ద అక్షరాల్లో వెయ్యి. నాకిస్తానన్న చోటు ఆమెకు ఇవ్వు. దాహమేసి వానను తాగిన మనిషి ఆమె. ఆమెను ఆమెగా ఒక్కసారైనా జనం చూడాలి.

జంపక్క పోయింది. నేను దగ్గరే ఉన్నాను.

పోయేదాకా వాకిలి వైపు చూస్తూనే ఉందా అని అడిగావు. లేదు. ఎదురుచూసేవాళ్ల ముఖం నాకు తెలుసు, పరీక్ష ఫలితాల రోజుల్లో ఎన్ని చూశాను! ఆమెది ఆ ముఖం కాదు. బస్సెక్కానని మనిషి కబురు పంపాక ఇంట్లో వాళ్లు ఎలా ఉంటారో అలా ఉంది. కోడలికి పనులు పురమాయించింది, నన్ను ఆటపట్టించింది, అంబలి తాగింది. ఆయాసం మాత్రం ఎక్కువవుతూ పోయింది.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. రేకుల మీద హోరుకు దగ్గర కూర్చుంటే తప్ప మాట వినబడటం లేదు. రామక్క గిన్నెలు కడుగుతోంది. జంపయ్య తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. జంపక్క పెరటి వైపు తల తిప్పింది. ఆ వైపు తలుపు తెరిచే ఉంది. మామూలు గొంతుతో, పక్క గదిలో మనిషితో అన్నట్టు అంది:

"వచ్చినవా? తల తుడుసుకో ముందుగాల."

అంతే. మళ్లీ ఊపిరి తీయలేదు. జంపయ్యకు అర్థమయ్యే లోపు నాకు అర్థమైంది.

చుట్టాలు, కులపెద్దలు వచ్చారు. తల్లితో పాటు బాలికి కూడా దినాలు చేసెయ్యమన్నారు. అడ్డం చెప్పే మనిషి లేదు కదా, రెండూ ఒక్కసారే అయిపోతాయి అన్నారు. న్యాయమైన మాటే. జంపయ్య కోరిక కూడా మొదట్నుంచీ అదే.

"అమ్మకే చేస్త" అన్నాడు జంపయ్య.

"అక్కకో?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"వచ్చిందని అమ్మ అన్నది గదా. నేను ఇన్న గద. ఇంటికొచ్చిన మనిషికి దినాలెట్ల చేస్త?"

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వన్న చెప్పు టీచరమ్మా" అన్నాడు. జంపయ్య చెప్పింది సరిగానే ఉందన్నాను. నా చదువు ఆ పూటకు అంతవరకే పనికొచ్చింది.

జంపక్కకు దినాలు జరిగాయి. మంచం మీది చీరను రామక్క తీయలేదు. ఎవరూ తీయమనలేదు.

నువ్వు అడుగుతావని తెలుసు కాబట్టి నేనే రాస్తున్నాను. జంపక్క ఆ మాట అన్నప్పుడు నేను లేచి పెరట్లోకి చూశాను. చింతచెట్టు, దాని కింద కట్టేసిన మేక, వాన. మనిషి లేదు. మళ్లీ చూశాను. మొదటిసారి చూసింది జంపక్క కోసం. రెండోసారి ఎవరి కోసం చూశానని నన్ను అడగకు. నీకు ఉద్యోగం ఉంది, పని చూసుకో.

నీ దాదీ
రహీమున్నీసా